బాకీ నిద్రలు

మల్లప్పకు మూడు నెలలుగా నిద్ర లేదన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకు లేదో కూడా అందరికీ తెలుసు. తెలియనిది మల్లప్ప ఒక్కడికే.

పానగల్ అవతల, రాతి గుట్టల నడుమ ఉన్న ఆ ఊళ్లో కష్టం ఒకరిదైతే కారణం చెప్పే హక్కు ఊరందరిది. బోరు ఎండినా, బర్రె చూలు నిలవకపోయినా, ఎవరి కొడుకో పరీక్ష తప్పినా, హోటలు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లు చాయ్ చల్లారేలోపు కారణం తేల్చేస్తారు. చెప్పలేనివాణ్ణి చేతగానివాడి కింద జమకడతారు.

మల్లప్ప గొర్రెల కాపరి. యాభై దాటినవాడు. ఎండకూ వానకూ బెదరని మనిషి. మంద పక్కన రాతి మీద ఒరిగితే చాలు, గుట్ట అవతలికి వినపడేటట్టు గురక పెట్టేవాడు. అలాంటివాడికి ఇప్పుడు కన్ను మూత పడటం లేదు. కూడు సయించడం లేదు. పొద్దున లేచి చేతికర్ర అందుకోవాలంటే అది ఇంటి దూలమంత బరువనిపిస్తోంది. వానలు పడి గుట్టలు పచ్చబడ్డాయి, గొర్రెలు ఈని మంద నిండా పిల్లలు గంతులేస్తున్నాయి. చూస్తే ముచ్చటపడాలని అతనికి తెలుసు, కానీ ముచ్చట పుట్టలేదు.

ఇంకొక సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. మందను నీళ్లకు తోలుకుపోయినప్పుడల్లా బావి గట్టు మీద నిలబడి, 'నేను లేకుంటే వీళ్లందరికీ పీడ పోతుంది కదా' అనుకునేవాడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే భయమేసి వెనక్కి జరిగేవాడు. ఆ భయం ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. తనంతట తాను మొదలుపెట్టడానికి నోరు రావడం లేదు. ఎవరైనా అడిగితే చెప్పేద్దామని కాచుకొని కూర్చున్నాడు.

ఎవరూ అడగలేదా అంటే, అడగకేం! కనిపించిన ప్రతివాడూ అడిగాడు, "తిన్నవా?" అని.

తిన్నానంటే, తిన్న మనిషికి రోగమేమిటని వెళ్లిపోయారు. తినలేదంటే, తినకనే గిట్లయిందని వెళ్లిపోయారు. పని లేక ఇదంతా అన్నాడొకడు. కోడి కూసింది మొదలు పొద్దు గూకేదాకా గొర్రెల వెంట తిరిగేవాడికి పని లేకపోవడమేమిటో ఆ మహానుభావుడికే తెలియాలి. పని ఎక్కువై అన్నాడు మరొకడు. మగవాడు దిగులుపడి మనాది పెట్టుకుంటాడా అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు. కాని ఇక్కడి కాకులు పుండును పొడవడమే కాదు, అది ఎందుకు పడిందో ఎద్దుకు ఉపన్యాసం కూడా ఇస్తాయి.

ఆ ఊరి పల్లె దవాఖానలో సిస్టరు గ్లోరీ. బీపీ చూడటానికి ఇల్లిల్లూ తిరిగే పిల్ల. ఒకరోజు మల్లప్ప చేతికి పట్టీ చుట్టి, అతని ముఖంలోకి చూసి, పట్టీ విప్పడం మరిచిపోయింది.

"కాకా, నిద్ర పడ్తలేదా?"

"లేదు బిడ్డా."

"పొద్దుగాల లేస్తే ఏం చెయ్యబుద్దయితలేదా?"

"కాదు."

"గిది రోగమే కాకా. షుగరుకు, బీపీకి మందు ఎట్లనో దీనికి గూడ మందున్నది. నల్గొండ పెద్ద దవాఖానల మనసు డాక్టరమ్మ ఉంటది, నేను చీటి రాసిస్త." ఆమె ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఒక్కమాట అడుగుత, ఏమనుకోకు. ఎప్పుడన్న బతుకు మీద..."

మల్లప్ప ముందుకు వంగాడు. వచ్చింది, ఆ మాట వచ్చేసింది అనుకున్నాడు.

"ఏయ్ పిల్లా!" అని వాకిట్లోంచి గర్జన వినపడింది. గుర్వయ్య. మల్లప్ప అక్క పుష్ప మొగుడు, పానగల్‌లో ఉంటాడు. కులంలో పెద్దమనిషి. పెళ్లి పంచాయితీ అయినా, చావు పంచాయితీ అయినా అతను తువ్వాలు దులిపి కూర్చుంటే గాని మొదలు కాదు. "గసొంటి మాట నోటికి తెస్తవా? లేని ఆలోచన పెట్టినట్టయితది! మంచిగున్న ఇంట్ల అశుభం మాట్లాడకు."

"అడిగితే ఆలోచన పుట్టదు పెద్దయ్యా..." అంటూ గ్లోరీ ఏదో చెప్పబోయింది.

"మాకు జెప్పకు. డాక్టరమ్మ అంటున్నవ్, ఏ డాక్టరమ్మ? పిచ్చి డాక్టరా? పిచ్చంటే ఎట్లుంటదో ఎరికేనా నీకు? బట్టలు చింపుకోవాలె. బొబ్బలు పెట్టాలె. మందిమీద రాళ్లు ఇసరాలె. మా బామ్మర్ది ఎన్నడన్న ఒక్క రాయి ఇసిరిండా?"

"గొర్లకాడ రోజూ ఇసురుతడు గద" అన్నారెవరో.

"అది డ్యూటీ!" అన్నాడు గుర్వయ్య.

గ్లోరీ చీటీ రాసి మల్లప్ప భార్య సైదమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పిల్ల మంచిదే గాని చదువు ఎక్కువైందని వాకిట్లో తీర్మానం జరిగిపోయింది.

ఇక గుర్వయ్య తువ్వాలు దులిపి కూర్చున్నాడు. పెద్దమనిషికి కారణం దొరకకపోవడమేమిటి? చాలాసేపు మీసం దువ్వి, అడగనే అడిగాడు.

"మా మామ పోయినప్పుడు నిద్రలైనయా?"

మల్లప్ప తండ్రి పోయి రెండేళ్లు దాటింది. పండుటాకు రాలినట్టు పోయాడు. కాని పోయింది కరోనా రోజుల్లో. పాడె పట్టడానికి నలుగురు దొరకడమే గగనమైంది. ఆ వైపు ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతే, దినాలు గడిచాక, చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి నిద్రకు తోలుకుపోతారు. ఒక పూట కూర వండిపెట్టి, ఒక రాత్రి పండబెట్టి, తెల్లారి సాగనంపుతారు. దుఃఖం ఉన్న ఇంట్లోనే మగ్గిపోవద్దని పాతకాలంవాళ్లు పెట్టుకున్న మంచి పద్ధతి. కరోనాలో ఎవరింటికి ఎవరు పోతారు? ఆ నిద్రలు కాలేదు.

"ఇగ జూస్కోన్రి!" అన్నాడు గుర్వయ్య, చెరువు తెగిన చోటు కనిపెట్టినవాడిలా. "నిద్రలు బాకీ పడ్డయి. నిద్రలు బాకీ పడ్డ మనిషికి నిద్ర యాడికెళ్లి పడ్తది? అందరం ఒక్కొక్క నిద్ర చేపిద్దం. బామ్మర్దికి నిద్ర అదే వస్తది."

అంతటి లెక్క విన్న తర్వాత ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? తీర్మానంలో ఒక చిన్న సవరణ మాత్రం చేశారు. చుట్టాలింట్లో కూర అంటే మాంసం, మాంసం అంటే పొట్టేలు, పొట్టేళ్లు ఉన్నది మల్లప్ప దొడ్లో. కాబట్టి ఏ ఇంటికి నిద్రకు పోతే ఆ ఇంటికి ఒక పొట్టేలు ముందే పోవాలి. రోగం మల్లప్పది, అరిగించుకునే భారం చుట్టాలది.

"దవాఖానకు ఒక్కసారి పోయొద్దమా?" అంది సైదమ్మ.

"నిద్రలు కానీ చెల్లే. దవాఖాన యాడికి పోతది?" అన్నాడు గుర్వయ్య. మందను వదిలిపెట్టే వీలు లేక సైదమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. చీటీని చీరకొంగుకు ముడేసుకుంది.

మొదటి నిద్ర సైదమ్మ తమ్ముడు హనుమంతుది. తిప్పర్తి దగ్గర ఇల్లు. హనుమంతు దృష్టిలో లోకంలో ఏ రోగానికైనా మందు ఈతచెట్టు మీదే ఉంటుంది. వాకిట్లో మంచం వేసి, కల్లు లొట్టి ముందు పెట్టి, "బావా, గుండె గట్టిగుంటే మనాది దగ్గరికి రాదు. నన్ను జూడు. నాకేమన్న రంది ఉన్నదా?" అన్నాడు. నిజమే, అతనికి ఏ రందీ లేదు. పొద్దు గూకేసరికి తన పేరు కూడా అతనికి గుర్తుండదు, రంది ఎక్కడ గుర్తుంటుంది?

మల్లప్ప ఒక్క ముంత తాగి, ధైర్యం కూడగట్టుకున్నాడు.

"హనుమంతూ, నాకు బాయికాడికి పోతే ఒక తీరుగ..."

"బాయిల పూడిక తీపియ్యాలె బావా. నేను మొన్ననే తీపిచ్చిన. ఇంకో రెండు బొక్కలు ఏస్కో" అని కంచంలోకి ఎముకల కూర వంచాడు హనుమంతు.

తెల్లారి లేస్తూనే హనుమంతు గుర్వయ్యకు ఫోను చేశాడు. "బావ మస్తు పండిండు! పెయ్యి తెల్వలె!" పండింది హనుమంతు. అతని గురకకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానుకుంది. మల్లప్ప తెల్లవార్లూ కప్పు వైపు చూస్తూ ఆ గురకకు కాపలా కాశాడు.

రెండో నిద్ర నల్గొండలో, చెల్లెలు కోమల ఇంట్లో. ఆమె భర్త విజేందర్ చదువుకున్నవాడు, ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. పల్లెటూరి మూఢనమ్మకాలంటే అతనికి అసహ్యం. గాలి, ధూళి, బాకీ నిద్రలు అన్నీ ఉత్తవేనని మొదటే తేల్చేశాడు. మల్లప్పకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఇతనైతే వింటాడు అనుకున్నాడు.

"బావా, అంతా మైండ్‌సెట్టు! నెగెటివ్ ఆలోచనలన్నీ డిలీట్ చెయ్యాలె" అన్నాడు విజేందర్.

మల్లప్పను అద్దం ముందు నిలబెట్టి, 'నేను సంతోషంగా ఉన్నాను' అని గట్టిగా చెప్పించాడు. మల్లప్ప చెప్పాడు. అద్దంలో మనిషి నమ్మలేదు. ఇంకా గట్టిగా చెప్పమన్నాడు విజేందర్. కింద కిరాయికి ఉన్నవాళ్లు ఏమైందోనని మెట్లెక్కి వచ్చారు. తర్వాత ఫోనులో ఒకాయన ఉపన్యాసం పెట్టాడు. అందులో ఆయన ఓడిపోయేవాళ్లకే దిగులు వస్తుందనీ, సింహానికి ఎప్పుడైనా దిగులు వచ్చిందా అనీ కేకలేస్తున్నాడు. సింహం సంగతి మల్లప్పకు తెలియదు. గొర్రె సంగతి తెలుసు. మేత మానేసి మందకు ఎడంగా నిలబడ్డ గొర్రెను సంతోషంగా ఉన్నానని అరవమని అతనెప్పుడూ అడగలేదు.

"విజేందరూ, నాకొక ఆలోచన వస్తాంది. దానికి భయమయితాంది..."

"ఆలోచనే వద్దు బావా! అసలు ఆలోచించుడు బంద్ పెట్టు" అని విజేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "డాక్టరు, గోలీలు అని మాత్రం పోకు. అవన్నీ మత్తు గోలీలు. ఒక్కసారి మింగితే జిందగీ అంతా మింగుడే."

అతను రోజూ మింగే గ్యాసు గోలీలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని ఎన్నేళ్ల నుంచి మింగుతున్నాడో మల్లప్ప అడగలేదు. అడిగే ఓపిక ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇలా తలా ఒక నిద్ర చేయించారు. మేనమామ కొడుకు ఒకాయన నిమ్మకాయ తిప్పించాడు. కూతురినిచ్చిన వియ్యాలవారి ఇంట్లో ఒక ముసలమ్మ, పట్నంలో పనిచేసే కొడుక్కి పెళ్లి చేస్తే తండ్రి మనసు కుదుటపడుతుందని, తన మనవరాలి ఫోటో చూపించింది. ఇంటింటికీ తిరుగుతుంటే మల్లప్పకు తన శవాన్ని తానే మోసుకొని ఊరేగుతున్నట్టు ఉంది. వాళ్లందరూ మంచివాళ్లే. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఇంతమంది ఇంత చేస్తున్నా బాగుపడని మనిషి ఉండి మాత్రం ఎవరికి లాభం అనుకున్నాడు.

చివరి నిద్ర పెద్దమనిషిగా గుర్వయ్య తన ఇంటికే పెట్టుకున్నాడు. పానగల్‌కు వచ్చేసరికి మల్లప్ప మనసులో పోట్లాట ఆగిపోయింది. రేపు ఇంటికి పోతాను, మందను నీళ్లకు తోలుకుపోతాను, ఈసారి బావి గట్టు మీంచి వెనక్కి జరగను అని నిశ్చయించుకున్నాడు. నిశ్చయం అయ్యేసరికి గొప్ప నెమ్మది వచ్చింది. అక్క పెట్టిన అన్నం వద్దనకుండా తిన్నాడు. పిల్లలతో మాట్లాడాడు. గుర్వయ్య చెప్పిన పాత పంచాయితీ కథకు నవ్వాడు కూడా.

పొద్దున లేవగానే మల్లప్ప, గుర్వయ్య కొడుకు పరమేష్‌ను పిలిచి, తన భుజం మీది గొంగడి తీసి వాడి భుజాన వేశాడు.

"నువ్వే ఉంచుకోరా అల్లుడా. ఇంక నాకెందుకు?"

గుర్వయ్య కళ్లు చెమర్చాయి. "సూసిన్రా! మనిషి ఎంత నెమ్మదయిండో! దానగుణం గూడ వచ్చింది. నిద్రలు పని చేసినయ్!" అని వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు. బాకీ తీరిన సంబరానికి ఇంకో పొట్టేలును తెమ్మని సైదమ్మకు ఫోను పోయింది. పరమేష్ గొంగడి కప్పుకొని, చేతికర్ర పట్టుకొని, ఫోటో దిగి స్టేటస్ పెట్టుకున్నాడు.

ఎండెక్కే వేళకు సైదమ్మ మందను పక్కవాళ్లకు ఒప్పజెప్పి, ఆటోలో పొట్టేలును ఎక్కించుకొని దిగింది. వాకిట్లో కాలు పెడుతూనే పరమేష్ భుజం వైపు చూసి ఆగిపోయింది.

"గొంగడి యాడిదిరా?"

"మామనే ఇచ్చిండు అత్తా. ఇంక నాకెందుకు అన్నడు."

పొట్టేలు తాడు ఆమె చేతిలోంచి జారిపోయింది. ఆ గొంగడి మల్లప్ప తండ్రిది. నల్ల గొర్రె బొచ్చుతో నేసింది. అంతకుముందు కప్పుకున్నది కూడా వాళ్లింటి మగవాళ్లే. వాళ్లింట్లో బతికున్నవాడు గొంగడి దించి ఇంకొకరికి ఇవ్వడం లేదు. తండ్రి మట్టిలోకి పోయాకనే అది మల్లప్ప భుజం మీదికి వచ్చింది. ఆ సంగతి గుర్వయ్యకూ తెలుసు. కాని తన వైద్యం ఫలించిన ఆనందంలో పెద్దమనిషికి గుర్తుకు రాలేదు.

మల్లప్ప కొట్టం నీడలో కూర్చొని ఉన్నాడు. సైదమ్మ వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. అతని రెండు చేతులూ పట్టుకుంది. నలుగురిలో మొగుడి చెయ్యి పట్టుకోవడం ఆమె జీవితంలో పెళ్లిపీటల తర్వాత అదే.

"నా దిక్కు సూడు. సావాలనిపిస్తాందా నీకు?"

"చెల్లే!" గుర్వయ్య గొంతు చించుకున్నాడు. "నోరు మూయి! ఏం మాట అది! మంచిగైన మనిషిని..."

సైదమ్మ తల తిప్పలేదు. "నిన్నే అడుగుతున్న. అనిపిస్తాందా?"

మల్లప్ప ఆమె కళ్లలోకి చూశాడు.

"అనిపిస్తాంది" అన్నాడు.

మాట బయటికి వచ్చింది, మనిషి కూలిపోలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోతున్నాయి.

"శానా దినాల సంది అనిపిస్తాంది. ఎవరన్న అడుగుతరేమో, చెప్పుకుందమని సూసిన. అందరు తిన్నవా అనే అడిగిన్రు. నేను మీకందరికి భారమే. ఇయ్యాల... ఇయ్యాలటికి అన్నీ అనుకున్న సైదమ్మా."

సైదమ్మ ఏడవలేదు. ఏడవడానికి తర్వాత తీరిక దొరుకుతుందనుకుందో ఏమో. "నువ్వు నాకు భారమని ఎవడు జెప్పిండు? నేనేమన్న జెప్పిన్నా? లే" అంది. లేచి పోయి పరమేష్ భుజం మీంచి గొంగడి లాగి, నడి ఎండలో మల్లప్పకు కప్పింది. కొంగుముడి విప్పి చీటీ తీసింది. వచ్చిన ఆటో ఇంకా వాకిట్లోనే ఉంది.

"నల్గొండ దవాఖానకు పోనియ్యి" అంది.

గుర్వయ్య కూడా ఎక్కాడు. బామ్మర్ది మీద ప్రేమ ఉంది, లేదని ఎవరూ అనలేరు. దారిలో తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెంగ కూడా ఉంది, అందుకే తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. దవాఖాన మెట్ల దగ్గర ఎవరో పలకరిస్తే, నడుం నొప్పికి వచ్చామని చెప్పాడు. ఎవరి నడుమో చెప్పలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది, పని గురించి అడిగింది. మల్లప్ప జవాబులు చెబుతున్నాడు. గుర్వయ్య ప్రతి జవాబుకూ ముందు, నిద్రలు చేయించిన సంగతి గుర్తు చేస్తున్నాడు. ఆమె కలం పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?"

గుర్వయ్య ఎగిరి లేచాడు. "అమ్మా! నువ్వు గూడ గదే మాటనా? చదువుకున్నోళ్లు మీరే గిట్లడుగుతే ఎట్ల? అడిగితెనే కద మనిషి మనసుల పడేది!"

మల్లప్ప గొంగడి సర్దుకొని బావ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఇందాకనే సైదమ్మ అడిగింది బావా. అది అడగకపోతే వచ్చే వారం సంది దాన్ని తోల్కపోతుంటిరి, ఇంటింటికి, నిద్రలకు."

గుర్వయ్య ముఖానికి చుట్టుకున్న తువ్వాలు మెల్లగా విప్పి, దానితోనే కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరమ్మ అతన్ని బయట కూర్చోమని చెప్పి, సైదమ్మకు కుర్చీ చూపించింది. మల్లప్ప మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.